జడ్డిగంలో జంతికలు: పాత సామాను మీద మీ ప్రశ్నలు

ఈ శీర్షిక రాసేది ఎవరని కొత్త పాఠకులు అడుగుతున్నారు కాబట్టి ముందు రెండు ముక్కలు. మా నాన్న దివిసీమలో వడ్రంగి. నాగళ్లు, కాడిమానులు, బండి చక్రాలు చేసేవాడు. నాకు ఉలి పట్టడం సరిగ్గా వచ్చేలోపే ఊళ్లోకి ట్రాక్టరు వచ్చేసింది. తర్వాత ఒక మ్యూజియంలో చిన్న ఉద్యోగంలో చేరి, 31 ఏళ్లు ఎవరెవరి అటకల మీది సామానో దులిపి, నంబర్లు వేసి, రిటైరయ్యాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పల్లె మ్యూజియాల గురించి, ఇంట్లో మిగిలిపోయిన సేద్యపు సామాను గురించి.

ఊళ్లో పాత ఇల్లు అమ్మేశాం. తాతగారి నాగలి, గుంటక, గొర్రు, రెండు కాడిమానులు మిగిలాయి. ఒక మ్యూజియం వాళ్లను అడిగితే "నాగళ్లు మా దగ్గర చాలా ఉన్నాయండీ, వద్దు" అన్నారు. కాపాడాల్సిన వాళ్లే వద్దంటే ఎలా?
– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా

బాధపడకండమ్మా. ఆ మాట నేనూ చాలామందితో అన్నాను, వాళ్ల మొహాలు చిన్నబోవడం కూడా చూశాను. మేం నాగళ్లు పెట్టుకున్న గది లోపలికి వెళ్తే కట్టెల అడితిలాగా ఉండేది. ఒకదాని మీద ఒకటి. ప్రతిదానికీ ఒక చీటీ, ఆ చీటీ మీద "నాగలి, కర్ర, ఇనుము" అని ఉంటుంది. ఎవరిది, ఏ ఊరిది, ఏ నేల దున్నింది అంటే ఎవరికీ తెలియదు. అలాంటివి ఇంకో నాలుగు వచ్చి పడితే చెదలకు తప్ప ఎవరికీ ఉపయోగం లేదు.

మీరు మళ్లీ అడిగేటప్పుడు ఇంకోలా అడగండి. ముందు నాగలిని వెలుతురులోకి తెచ్చి మేడి, అంటే దున్నేటప్పుడు చేత్తో పట్టుకునే పిడి, చూడండి. అరచెయ్యి ఆనిన చోట కర్ర నున్నగా, ముదురు రంగులో ఉంటుంది. బొటనవేలు నొక్కిన చోట కొంచెం గుంట పడి ఉంటుంది. అది మీ తాతగారి వేలే కావచ్చు. నేలను చీల్చే ఇనప కర్రు ఎంత మిగిలిందో చూడండి. దున్నినకొద్దీ అది అరిగిపోతుంది, కమ్మరి దగ్గరికి తీసుకెళ్లి కొలిమిలో కాల్చి సాగగొట్టించేవాళ్లు. ఆ పనికి ఎప్పటికప్పుడు డబ్బులివ్వడం ఉండేది కాదు, కళ్లంలో మేర, అంటే పంటలో వాళ్ల వాటా గింజలు, కొలిచేవాళ్లు. మా నాన్నకు కూడా అంతే. ఏ ఇంటినుంచి ఎంత మేర రావాలో ఆయనకు నోటికి వచ్చు, ఎవరు ఎగ్గొట్టారో అంతకంటే బాగా వచ్చు. మీ ఊరి కమ్మరి, వడ్రంగి ఏ ఇంటివాళ్లో చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంకా ఉంటే వాళ్లతో కూర్చుని రెండు పేజీలు రాయండి. ఆ రెండు పేజీలతో వచ్చిన నాగలిని ఏ మ్యూజియం వాళ్లూ అంత తేలిగ్గా వద్దనరు. ఇచ్చేటప్పుడు అన్నీ కలిపి ఇవ్వండి. నాగలి ఒకరికి, గొర్రు ఒకరికి పంచకండి.

గొర్రు అనగానే నా పరువు తక్కువ సంగతి ఒకటి గుర్తొచ్చింది. మాది డెల్టా. నారు పోసి, ఊడ్చే ఊరు. మెట్ట సేద్యపు సామాను నాకు చేతికి తెలిసింది కాదు. కొత్తగా చేరిన రోజుల్లో ఒక గోనెసంచిలో కలగాపులగంగా వచ్చిన సామానులో గుప్పెడంత చెక్క గిన్నె ఒకటి దొరికింది. అడుగున మూడు రంధ్రాలు. తిప్పి తిప్పి చూసి, "జంతికల గొట్టం (చెక్క)" అని రాసి వంటింటి సామాను వరుసలో పెట్టాను. నాలుగేళ్లు అలాగే ఉంది. పెద్ద పెద్ద వాళ్లు వచ్చి చూసి తల ఊపి వెళ్లారు. ఒకరోజు అనంతపురం వైపు నుంచి బస్సులో వచ్చిన వాళ్లలో ఒక పెద్దావిడ అక్కడ ఆగిపోయి నవ్వడం మొదలుపెట్టింది. "ఏం నాయనా, మీ పక్క దీంట్లో మురుకులు పిండుకుంటారా? ఇది జడ్డిగం గదా!" అంది.

విత్తనం వేసే గొర్రుకు పైన ఉండే గిన్నె అది. దాని అడుగునుంచి వెదురు గొట్టాలు దిగి ఒక్కో పంటి వెనకాల భూమిలోకి వెళ్తాయి. ముందు ఎద్దులు నడుస్తుంటే వెనక ఆడమనిషి ఒడిలో విత్తనాలు పెట్టుకుని, గుప్పిట్లోంచి జడ్డిగంలోకి వదులుతూ నడుస్తుంది. అన్ని గొట్టాల్లోకీ సమానంగా పడాలి. ఒక గొట్టం మూసుకుపోతే ఆ సాలు మొత్తం బోడిగా మిగిలిపోతుంది, అది మొలకలొచ్చేదాకా తెలియదు. ఆవిడ నా బల్ల మీద ఉన్న గుండుసూదుల డబ్బా తీసుకుని, గుప్పెడు సూదులు పట్టుకుని, బొటనవేలు మాత్రం కదిలిస్తూ ఎలా వదలాలో చూపించింది. సూదులు ఒక్కొక్కటే రాలాయి. నేను పట్టుకుంటే అన్నీ ఒకేసారి పడ్డాయి. ఆ రోజు సాయంత్రమే చీటీ మార్చాను. కానీ ఆవిడ బొటనవేలు కదిలిన తీరు చీటీలో ఎలా రాయాలో నాకు ఇప్పటికీ చేతకాలేదు.

మా అబ్బాయి స్టాక్‌హోమ్‌లో ఉంటాడు. అక్కడికి వెళ్లినప్పుడు స్కాన్సెన్ చూపించాడు. ఎక్కడెక్కడి పల్లెటూరి ఇళ్లో తెచ్చి ఒక గుట్ట మీద పెట్టారు. లోపల పాతకాలపు బట్టలు కట్టుకున్న ఆడవాళ్లు రొట్టెలు కాలుస్తున్నారు. ఇలాంటిది మన దగ్గర ఎందుకు లేదు? ప్రభుత్వాలకు పట్టదా?
– విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

మీరు చూసింది ఈ రకం మ్యూజియాలన్నిటికీ పెద్దక్క లాంటిది సార్. అర్తుర్ హాజేలియస్ అనే ఆయన 1872లో స్వీడన్‌లోని దలార్నా ప్రాంతానికి వెళ్లి, రైలూ ఫ్యాక్టరీలూ వచ్చాక పల్లెల్లో బట్టలు, సామాను, ఇళ్లు ఎంత వేగంగా మారిపోతున్నాయో చూసి కంగారుపడ్డాడు. ముందు బట్టలు, కుర్చీలు, పనిముట్లు కొని 1873లో స్టాక్‌హోమ్‌లో చూపించాడు. గదిలో పెట్టిన వస్తువు సగమే మాట్లాడుతుందని ఆయనకు అనిపించి ఉండాలి. 1891 అక్టోబరు 11న ఇళ్లనే తెచ్చి పెట్టిన స్కాన్సెన్ తెరిచాడు. ఆ పేరు ఎంత పాకిందంటే, పోలండ్‌లో ఏ ఊళ్లో ఆరుబయలు మ్యూజియం ఉన్నా దాన్ని "స్కాన్సెన్" అనే అంటారు. మనం ఏ వనస్పతినైనా డాల్డా అన్నట్టు. ఆయనకంటే పదేళ్ల ముందే నార్వేలో, ఇప్పటి ఆస్లో పక్కన, రాజు ఆస్కార్ పాత చెక్క కట్టడాలు కొన్ని ఒకచోటికి చేర్పించిన మాట కూడా నిజమే.

ఇది అక్కడే ఎందుకు పుట్టిందో వడ్రంగి కొడుకుగా నాకు ఒక లెక్క ఉంది. వాళ్ల ఇళ్లు దుంగల ఇళ్లు. దుంగ మీద దుంగ పేర్చి, మూలల్లో గాడి కొట్టి ఒకదాన్నొకటి కరిపిస్తారు. దుంగలకు నంబర్లు వేసుకుని, ఇల్లు విప్పి, బండికెక్కించి, ఇంకోచోట అదే వరుసలో మళ్లీ పేర్చొచ్చు. మంచం విప్పి బిగించినట్టే. మన ఇల్లు అలా కాదు. మన గోడ మట్టి. విప్పబోతే గోడ పోయి కుప్ప మిగులుతుంది. ద్వారబంధాలు, స్తంభాలు, దూలాలు తెచ్చుకోవచ్చు, గోడ మాత్రం ఎక్కడికక్కడ మళ్లీ పెట్టాల్సిందే. పైన తాటాకు రెండు మూడేళ్లకోసారి మార్చకపోతే ఇల్లు మొత్తం నాని కూర్చుంటుంది. అంటే మన దగ్గర ఇంటిని దాచిపెట్టాలంటే మట్టి తొక్కేవాణ్నీ, ఆకు నేసేవాణ్నీ దాచిపెట్టుకోవాలి. అద్దాల పెట్టె దీనికి పనికిరాదు.

ఈ సంగతి బాగా పట్టుకున్నది భోపాల్లోని ఇందిరాగాంధీ రాష్ట్రీయ మానవ సంగ్రహాలయం. పెద్ద చెరువు మీదికి చూసే శ్యామలా హిల్స్ గుట్ట మీద, సుమారు 200 ఎకరాల్లో ఉంటుంది. వాళ్లు ఇళ్లు మొయ్యలేదు, ఆ ఇళ్లు కట్టుకునే మనుషుల్నే పిలిపించారు. వర్లీలు, తోడాలు, గదబలు లాంటి గిరిజనులు ఎవరి ఇల్లు వాళ్లే వచ్చి, వాళ్ల సామానుతో, వాళ్ల పద్ధతిలో కట్టి వెళ్లారు. కాబట్టి మన దేశంలో లేదనడం సరికాదు. ఉంది, మనం వెళ్లం అంతే. భోపాల్ వెళ్లిన తెలుగువాళ్లు సాంచీ చూసి రైలెక్కేస్తారు.

ప్రభుత్వాలకు పట్టదా అన్నారు. పట్టని మాటా ఉంది, కాదనను. కట్టడానికి డబ్బులొస్తాయి, ఎందుకంటే కట్టాక రిబ్బను కత్తిరించొచ్చు. మూడేళ్లకు మళ్లీ తాటాకు కప్పడానికి ఎవరొచ్చి రిబ్బను కత్తిరిస్తారు? ఒకచోట (పేరు వద్దు) ఈ గొడవంతా ఎందుకని కప్పును సిమెంటుతో పోసి, మీద తాటాకు గీతలు గీసి రంగు వేశారు. దూరం నుంచి బాగానే ఉంది. దగ్గరికి వెళ్తే మే నెల మధ్యాహ్నం ఆ గుడిసెలో నిలబడలేకపోయాను. పూరిల్లు ఎండకు ఎందుకు చల్లగా ఉంటుందో పిల్లలకు చెప్పే బోర్డు మాత్రం లోపల వేలాడుతోంది.

సెలవుల్లో పిల్లల్ని (పదేళ్లు, ఏడేళ్లు) ఇలాంటి చోటికి తీసుకెళ్దామనుకుంటున్నాం. ఎక్కడికి వెళ్తే బాగుంటుంది?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

మీ ఆఫీసుకు దగ్గర్లోనే మాదాపూర్ శిల్పారామం ఉంది, 1992 నుంచి. అందరూ చీరలు, గాజులు కొనుక్కుని వచ్చేస్తారు. లోపల పల్లె మ్యూజియం ఉంది. గుడిసెలు, వాటిలో పని చేసుకుంటున్న నిలువెత్తు బొమ్మలు. ఒక సాయంత్రానికి చాలు. బొమ్మలు కాబట్టి ఏడేళ్లవాడికి నచ్చుతుంది, పదేళ్లవాడు ఫోన్ అడుగుతాడు.

రెండు రోజులు వీలైతే దక్షిణచిత్రకు వెళ్లండి. చెన్నై నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డులో సుమారు 25 కిలోమీటర్లు, ముట్టుకాడు దగ్గర. మద్రాస్ క్రాఫ్ట్ ఫౌండేషన్ వాళ్లది, 1996 డిసెంబరులో తెరిచారు. మంగళవారం సెలవు, ఆ రోజు వెళ్లి గేటు చూసి తిరిగొచ్చిన వాళ్లలో నేనూ ఉన్నాను. పదెకరాల స్థలంలో తమిళనాడు, కేరళ, కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణ ఇళ్లు ఉంటాయి. కూలగొట్టబోతున్న ఇళ్లను కొని, చెక్క సామాను జాగ్రత్తగా విప్పి తెచ్చి, ఆ పని తెలిసిన మేస్త్రీలతో మళ్లీ నిలబెట్టారు. చెట్టినాడు వ్యాపారి ఇల్లు, కేరళ చెక్క ఇళ్లు చూసి అందరూ నోరు తెరుస్తారు. నిజంగానే గొప్పవి. అయినా మీరు పిల్లల్ని తీసుకుని తిన్నగా మన ఇళ్ల దగ్గరికి వెళ్లండి. నల్లగొండ వైపు ఇక్కత్ నేతగాళ్ల ఇల్లు ఒకటి, విశాఖ జిల్లా హరిపురం నుంచి వచ్చిన చుట్టిల్లు ఒకటి.

చుట్టిల్లు దగ్గర పది నిమిషాలు ఎక్కువ గడపండి. గుండ్రంగా మట్టి గోడ, మీద గొడుగు దించినట్టు కప్పు. చూరు ఎంత కిందికి ఉంటుందంటే పెద్దవాళ్లు వంగాలి, పిల్లలు వంగక్కర్లేదు. మీ వాళ్లకు ఆ సంగతే భలే నచ్చుతుంది. అలా ఎందుకో వాళ్లనే అడగండి. వాన గోడ మీద పడకూడదు, పడితే మట్టి కరుగుతుంది. గాలి కొట్టడానికి మూల దొరకకూడదు, దొరికితే కప్పు లేస్తుంది. సముద్రపు గాలి తిన్న మనుషులు కనిపెట్టిన ఆకారం అది. నేను ఆ చూరు కింద వంగినప్పుడు మాత్రం వేరే ఆలోచన వచ్చింది. 1977 నవంబరు ఉప్పెనప్పుడు నాకు పదమూడేళ్లు. ఆ రాత్రి గాలి ఒక్కటే అయితే ఏ ఇల్లు నిలిచేదో, ఏది పడేదో అని లెక్క వేసుకోవచ్చు. నీళ్లొచ్చాక గుండ్రమూ లేదు, చదరమూ లేదు.

ఇంకో చిన్న మాట. ఈ ఇళ్లన్నీ చాలా శుభ్రంగా ఉంటాయి. పేడ వాసన ఉండదు, పొగ వాసన ఉండదు, దాలి మీద కాగే పాల వాసన అసలే ఉండదు. అందుకని పిల్లలు "అప్పట్లో భలే ఉండేది నాన్నా" అంటారు. కళ్లు మండుతూ పిడకల పొయ్యి ఊదిన మీ అమ్మగారిని కూడా వెంట తీసుకెళ్లండి. ఆవిడ చెప్తారు ఎంత భలే ఉండేదో.

భోపాల్ అయితే రోజంతా పడుతుంది, బాగా నడవాలి, సోమవారం సెలవు. మీ పిల్లలు ఇంకో రెండేళ్లు పెరగనివ్వండి.

అపార్టుమెంటులో మా నాయనమ్మ కవ్వం, చెక్క మానిక, చిన్న కావడిపెట్టె పెట్టుకున్నాం. కింద సన్నటి పొడి రాలుతోంది. వార్నిష్ వేయించమంటారా?
– గృహిణి, నెల్లూరు

వద్దు. పుచ్చు పురుగు లోపలుండగా పైన వార్నిష్ వేస్తే అది హాయిగా ఏసీ గదిలో ఉన్నట్టు ఉంటుంది. ముందు వస్తువును శుభ్రంగా దులిపి నల్ల కాగితం మీద వారం రోజులు పెట్టండి. కొత్తగా పొడి రాలితే పురుగు బతికుంది. రాలకపోతే అది పాత పొడే, టెన్షన్ పడకండి.

బతికుంటే కవ్వం, మానిక లాంటి చిన్నవాటికి ఒక ఉపాయం ఉంది. పాలిథీన్ సంచిలో పెట్టి, గాలి తీసేసి, గట్టిగా మూతి కట్టి డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక వెంటనే విప్పొద్దు. ఒక రోజంతా అలాగే ఉంచితే చెమ్మ సంచి బయట పడుతుంది, కర్రకు అంటదు. ఫ్రీజర్‌లో చేపల పక్కన పెట్టాల్సి వస్తే మీ ఇష్టం, మా ఇంట్లో ఆ విషయం మీద పెద్ద గొడవే అయింది. కావడిపెట్టె మీద రంగులు వేసి ఉంటే దాన్ని మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకండి, రంగు లేచిపోవచ్చు. తెలిసినవాళ్లకు చూపించండి.

నువ్వులనూనె, కొబ్బరినూనె, ఆముదం పూసి మెరిపించడం కూడా మానండి. అవి ఆరవు. జిడ్డు మీద దుమ్ము కూర్చుని నల్లటి పొర కడుతుంది. పొడి గుడ్డతో తుడవండి, గోడకు ఆనించకుండా పెట్టండి. అంతే.

మా రిసార్టు గోడలకు, లైట్లకు పాత బండి చక్రాలు ఒక 40 కావాలి. మంచి ధర ఇస్తాం. ఎక్కడ దొరుకుతాయి?
– హైదరాబాద్ శివారు

ఎక్కడ దొరుకుతాయో నాకు తెలుసు. చెప్పను.

కోపం తెచ్చుకోకండి, బదులుగా చక్రం ఎలా తయారవుతుందో చెప్తాను. మా నాన్న చేసే చక్రానికి నడుమ కుంభి, దానికి పన్నెండు ఆకులు, వాటి చివర గుండ్రంగా ఆరు పూటీలు. ఒక్క మేకు ఉండదు, అంతా గాడిలో బిగిసి ఉండేదే. చివరికి పట్టా వేసే రోజు ఊరి పిల్లలమంతా అక్కడే. ఇనప పట్టాను చక్రం చుట్టుకొలత కంటే కొంచెం తక్కువ కొలతకు కమ్మరి అతికేవాడు. దాన్ని నేల మీద పడుకోబెట్టి, చుట్టూ పిడకలు పేర్చి నిప్పు పెడితే ఎర్రగా కాలి సాగేది. ముగ్గురు పట్టకారులతో ఎత్తి చక్రం మీద దించేవాళ్లు. కర్ర భగ్గుమనేది. అప్పుడు "పోయండ్రా" అని ఒక్క కేక. కడవలతో నీళ్లు పోస్తే పొగ, ఆవిరి, ఆ తర్వాత ఒక చప్పుడు. పట్టా కుంచించుకుంటూ ఆకుల్నీ పూటీల్నీ లోపలికి నొక్కుతుంటే కర్ర కిర్రుమంటుంది. ఆ చప్పుడు విని నాన్న చక్రం బతుకుతుందో లేదో చెప్పేవాడు.

దాన్ని నిలువునా సగానికి కోసి గేటుకు తగిలించినవాళ్లను చూశాను. మీకు కావాల్సింది గుండ్రటి చెక్కే అయితే ఇప్పుడు కొత్తవి చేసి అమ్ముతున్నారు. అవి కొనుక్కోండి, వాటిని ఎలా కోసినా నేనేం అనను.

కుంచానికి ఎన్ని మానికలు? పందెం కట్టాం.
– ఇద్దరు మిత్రులు, తెనాలి

నాలుగు. నాలుగు గిద్దలు సోల, నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. లెక్క ఇదే అయినా ఊరిని బట్టి కుంచం సైజు మారేది, కొలిచే చెయ్యిని బట్టి ఇంకా మారేది. తలగొట్టి (అంచుకు సమంగా) కొలిచారా, శిగతో (పైన పోగుగా) కొలిచారా అన్నది మీ పందెంలో లేదు కాబట్టి డబ్బులు ఇచ్చేయండి.

మాది పాలమూరు జిల్లాలో ప్రభుత్వ పాఠశాల. పిల్లలు ఇళ్ల నుంచి పాత వస్తువులు తెచ్చారు, ఒక గది నిండింది. చీటీలు ఎలా రాయాలి? పుస్తకాల్లోని పేర్లు ఒకటి, మా ఊరి పేర్లు ఒకటి. ఏది రాయమంటారు?
– ఉపాధ్యాయుడు

ఊరి పేరే రాయండి సార్, అనుమానం వద్దు. మా వైపు ధాన్యం పోసుకునేది గాదె. మీ వైపు గుమ్మి అంటారు, గరిసె అంటారు. మీ పిల్లలు గుమ్మి తెచ్చి "గాదె" అని చీటీ కడితే వాళ్ల అవ్వకు అది పరాయి వస్తువు అయిపోతుంది. కింద చిన్న అక్షరాల్లో వేరే జిల్లాల పేర్లు రాసుకోవచ్చు.

ఒక్కో వస్తువుకు రిజిస్టరులో ఒక పేజీ ఇవ్వండి. ఎవరింటిది, ఎవరు చేశారు, ఎవరు వాడారు, చివరిసారి ఎప్పుడు వాడారు, ఎందుకు మానేశారు. ఆ చివరి ప్రశ్న తప్పకుండా అడగండి. బోరు వేశాం, కరెంటు మోటరు పెట్టాం, ఎద్దులు అమ్మేశాం, కొడుకు బొంబాయి వెళ్లాడు. ఊరి చరిత్ర అక్కడ దొరుకుతుంది. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే ఫోన్‌లో రికార్డు చేయించండి. ఫ్లెక్సీకి పెట్టే డబ్బు మిగుల్చుకుని ఆ రికార్డింగులు నాలుగు చోట్ల కాపీ చేయండి.

మీ ఉత్తరంలో మోట సామాను, అంటే ఎద్దులతో బావి నీళ్లు తోడే సామాను, కూడా వచ్చిందని రాశారు. అది దొరకడం అదృష్టం, ఎందుకంటే తోలుసంచిని ఎలుకలు, చెమ్మ బతకనివ్వవు. గదిలో గిలక, తాళ్లు, సంచి విడివిడిగా పెడితే పిల్లలకు ఏమీ అర్థం కాదు. బావి గట్టున ఏం జరిగేదో చూపించాలి. రెండు తాళ్లు ఉంటాయి. లావు తాడు పై గిలక మీదుగా సంచి మూతికి. సన్న తాడు కింది గిలక మీదుగా సంచి తొండానికి. ఎద్దులు వాలులో కిందికి నడుస్తుంటే సంచి పైకొస్తుంది. అంతసేపూ సన్న తాడు తొండాన్ని పైకి మడిచి పట్టుకుంటుంది కాబట్టి చుక్క కారదు. పైకి రాగానే తొండం గట్టు మీదికి సాగి నీళ్లు కాలువలోకి దూకుతాయి. తర్వాత ఎద్దులు వెనక్కి నడవాలి. మోట తోలేవాడు దిగేటప్పుడు తాడు మీద కూర్చునేవాడు, ఆ బరువు ఎద్దులకు సాయం.

మీ ఊళ్లో మోట తోలిన ముసలాయన ఒక్కరు ఉన్నా ఆయన్ను బడికి పిలవండి. బావి అక్కర్లేదు. రెండు గిలకలు చింతకొమ్మకు కట్టి, తోలుసంచికి బదులు పాత రబ్బరు ట్యూబు కట్టించి, ఎద్దుల బదులు ఎనిమిదో తరగతి పిల్లల్ని లాగమనండి. ఆయన వాళ్లను అదిలించే మాటలు కూడా రికార్డు చేయించండి. ఎద్దులతో మాట్లాడే భాష వేరే ఉంటుంది, అది ఏ నిఘంటువులోనూ సరిగ్గా దొరకదు.

ఫోటో పంపుతున్నాను. తాడుతో అల్లిన చిన్న సంచి, రెండు పక్కలా కట్టుకోవడానికి పొడుగు తాళ్లు. ఉట్టి అనుకుంటున్నాం, కానీ కుండ పట్టేలా లేదు. ఇది ఏమిటి?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

చిక్కం. ఎద్దు మూతికి కట్టేది. కళ్లంలో కుప్ప నూర్చేటప్పుడు ఎద్దులు గింజల మీదే తిరుగుతాయి కదా, నోరు పెట్టకుండా కడతారు. దూడకు పాలు మరిపించడానికి కట్టే పట్టీ వేరే ఉంటుంది, దానికి ముళ్లుంటాయి. మీరు పంపినదానికి ముళ్లు లేవు. అల్లిక ఒక పక్క తెగి, వేరే రకం తాడుతో మళ్లీ అల్లారు చూడండి. ఆ ఎద్దు కొంచెం గడుసుదై ఉంటుంది.

మాకు పొలం లేదు. మేర కోసం నాన్న కళ్లాల చుట్టూ తిరుగుతుంటే నేనూ వెనకాలే వెళ్లేవాణ్ని. ఒక రైతు దగ్గర ముసలి ఎద్దు ఉండేది, ఎర్రది. సాయంత్రం అయ్యేసరికి ఆయన భార్య గంజి తెచ్చినట్టు వచ్చి, మొగుడు తూర్పారబట్టడానికి గాలికేసి తిరగగానే దాని చిక్కం కొంచెం కిందికి లాగేది. ఎద్దు నాలుగు మూతులు తినేది. ఆవిడ మళ్లీ పైకి లాగి ముడి వేసి, నన్ను చూసి, చెప్పొద్దన్నట్టు తల అడ్డంగా ఊపేది.